బైక్ సైలెన్సర్‌కు హీట్ ర్యాప్.. రీల్స్‌లో 30 సెకన్ల పనే, ఇంట్లో మొదలుపెడితే అసలు కథ ఇదీ!

ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా వంపు తిరిగి వచ్చే గొట్టం.. దాని చుట్టూ బ్యాండేజీ కట్టినట్టు నల్లటి పట్టీ. కేఫ్ రేసర్ లుక్ పేరుతో యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇలాంటి బైకులు తెగ కనిపిస్తున్నాయి. బుల్లెట్, క్లాసిక్ 350 లాంటి బైకులున్న కుర్రాళ్లు ఆన్‌లైన్‌లో రోల్ తెప్పించుకుని ఇంటి ముందే పని మొదలుపెట్టేస్తున్నారు. లుక్కుకు లుక్కు, కాలికి వేడి తగలదు, పైగా పికప్ కూడా పెరుగుతుందన్నది వీడియోల్లో వినిపించే మాట. ఇందులో నిజమెంత? ఇంట్లోనే విప్పి చుట్టుకోవచ్చా? వీడియోల్లో ఎడిటింగ్‌లో ఎగిరిపోయే భాగం ఏంటి? వివరంగా చూద్దాం.

వేడి పోదు.. చోటు మారుతుంది

మెకానిక్‌లు దీన్ని బెండ్ పైపు అంటారు. పెట్రోల్ మండాక వచ్చే పొగ సిలిండర్ హెడ్ నుంచి నేరుగా ఇందులోకే వస్తుంది కాబట్టి బైక్ బయటి భాగాల్లో ఎక్కువగా కాలేది ఇదే. బండి మీద లోడ్‌ను బట్టి, స్పీడ్‌ను బట్టి హెడ్ దగ్గర పైపు పైభాగం 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వరకు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే వేడెక్కుతుంది. మామూలుగా అయితే ఆ వేడిలో కొంత చుట్టూ ఉన్న గాలిలోకి పోతుంది.

పట్టీ చుడితే ఆ దారి మూసుకుపోతుంది. టీ ఫ్లాస్క్ ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. ఫ్లాస్క్ టీని చల్లబరచదు, వేడిని బయటికి పోనివ్వదు. ఇక్కడ కూడా వేడి మాయమైపోదు. పొగతో పాటే ముందుకెళ్లి సైలెన్సర్‌లోకి చేరుతుంది. చాలామంది మిస్ అవుతున్న పాయింట్ ఇదే. బెండ్ పైపు పక్కన ఉండేది బండి నడిపేవాళ్ల కాలు. సైలెన్సర్ పక్కన ఉండేది వెనక కూర్చున్నవాళ్ల కాలు. అంటే నడిపేవాళ్ల పిక్కకు కాస్త ఊరట దొరికినా, వెనక కూర్చునే అమ్మకో, చెల్లికో, పిల్లలకో దాని వల్ల ఒరిగేది ఏమీ లేదు. వాళ్ల వైపు సైలెన్సర్ ఇదివరకటికన్నా కాస్త ఎక్కువే కాలొచ్చు.

ఇంకో అపోహ కూడా ఉంది. ఎండాకాలం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తొడలకు తగిలే సెగ ఎక్కువగా వచ్చేది ఇంజిన్ ఫిన్స్ నుంచి. ఎయిర్ కూల్డ్ ఇంజిన్ ఉన్న ఏ బండికైనా అంతే. బెండ్ పైపుకు ఎన్ని చుట్లు చుట్టినా ఆ సెగ తగ్గదు.

మరి పికప్ సంగతి? ఈ పట్టీ రేసింగ్ కార్ల నుంచి వచ్చింది. అక్కడ బానెట్ కింద వేడి పేరుకోకుండా ఉండాలి, టర్బోకు వేడి పొగ బలంగా అందాలి. పొగ వేడిగా ఉంటే వేగం తగ్గకుండా బయటికి పోతుంది కాబట్టి అక్కడ లాభం ఉంటుంది. బైక్‌కు బానెట్టే లేదు, గాలి నేరుగా తగులుతూనే ఉంటుంది. 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి మీద ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లకు తేడా తెలియాలంటే కష్టమే. "చుట్టించాక బండి లాగేస్తోంది బ్రో" అనే కామెంట్లలో సగం కొత్త లుక్ ఇచ్చిన ఉత్సాహమే!

ముట్టుకుంటే కాలదా? కాలుతుంది

పట్టీ చుట్టాక పైపు చల్లగా ఉంటుందనుకోవడం అన్నింటికంటే ప్రమాదం. పైభాగం వేడి బాగా తగ్గే మాట నిజమే. కానీ చర్మం కాలడానికి 200 డిగ్రీలు అక్కర్లేదు. దాదాపు 60 డిగ్రీల దగ్గర ఐదు సెకన్లు, 70 డిగ్రీల దగ్గర ఒక్క సెకను తగిలినా గట్టిగా కాలే అవకాశం ఉంది. లాంగ్ రైడ్ తర్వాత పట్టీ పైభాగం దీన్ని సులువుగా దాటేస్తుంది. పైగా మెరిసే పైపును చూస్తే ఎవరైనా జాగ్రత్తపడతారు. గుడ్డ చుట్టినట్టున్న దాన్ని చూస్తే పిల్లలు చేయి పెట్టేస్తారు.

ఒకవేళ కాలితే వెంటనే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్ట్, పసుపు, ఇంకు.. ఇవేవీ రాయకూడదు. ఐస్ ముక్క నేరుగా పెట్టకూడదు. బొబ్బ పెద్దదైతే చిదమకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ముందు మీ పైపు ఏ రకమో చూడండి

చుట్టాలా వద్దా అని తేల్చేది ఇదే. ఏమీ చుట్టని పైపు వానలో తడిసినా ఇంజిన్ వేడికి నిమిషాల్లో ఆరిపోతుంది. పట్టీ ఉన్న పైపు అలా కాదు. పట్టీ నీళ్లు పీల్చుకుంటుంది, ఆ తడి ఇనుముకు అంటుకునే ఉంటుంది. తడి, గాలి, వేడి మూడూ ఒకేచోట కలిస్తే తుప్పుకు పండగే. క్రోమ్ పూత వేసిన మామూలు స్టీల్ పైపు అయితే పైన లుక్ అదిరిపోతుంటుంది, లోపల మాత్రం పైపు పొరలు పొరలుగా లేచిపోతుంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో గాలిలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి అక్కడ ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు అయితే కొంత నయం. అదెలా తెలుస్తుంది? "అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే స్టెయిన్‌లెస్" అని వీడియోల్లో చెబుతుంటారు. ఇది సగం నిజం. అంటుకోకపోతే మంచి రకం స్టెయిన్‌లెసే. కానీ సైలెన్సర్ల తయారీలో బాగా వాడే 409 రకం స్టెయిన్‌లెస్‌కు కూడా అయస్కాంతం అంటుకుంటుంది. దానికి పైపైన తుప్పు కూడా పడుతుంది. కాబట్టి అయస్కాంతం అంటుకుంటే అది తుప్పు పట్టే పైపు అనే లెక్కలోనే ఉండటం సేఫ్.

ఇంకో మాట. కొన్ని బైకులకు కంపెనీ నుంచే రెండు పొరల పైపు వస్తుంది. లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య ఖాళీయే అక్కడ హీట్ ర్యాప్ పని చేస్తుంది. అలాంటి పైపుకు మళ్లీ పట్టీ చుట్టడం అంటే లుక్ కోసమే. క్రోమ్ పైపుకు ఒకసారి చుట్టాక, తర్వాత విప్పినా పాత మెరుపు తిరిగి రాదు. అమ్మే ఆలోచన ఉంటే ఇది గుర్తుంచుకోవాలి.

విప్పడమే అసలు పరీక్ష

చుట్టడం కంటే విప్పడం దగ్గరే బండ్లు దెబ్బతింటున్నాయి. రీల్‌లో నట్టు గిర్రున తిరిగి వచ్చేస్తుంది. నాలుగేళ్ల బండికి అలా రాదు.

బెండ్ పైపును సిలిండర్ హెడ్‌కు పట్టి ఉంచేవి సాధారణంగా రెండు స్టడ్లు, వాటి మీద రెండు నట్లు. స్టడ్ ఉక్కు, హెడ్ అల్యూమినియం. ఏళ్ల తరబడి వేడెక్కి, చల్లారి, వానకు తడిసి నట్టు స్టడ్‌ను కరిచి పట్టుకుని ఉంటుంది. బలం పెట్టి లాగితే నట్టు రాదు, స్టడ్ విరుగుతుంది. విరిగిన ముక్క హెడ్ లోపల ఉండిపోతే ఇంట్లో చేసేదేమీ లేదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ షాపుకు వెళ్లి డ్రిల్ చేయించి, కొత్త మర వేయించాల్సిందే. ఒక్కోసారి హెడ్ కూడా విప్పాల్సి వస్తుంది. వందల్లో అయిపోవాల్సిన పని వేలల్లోకి వెళ్లేది ఇక్కడే.

అందుకే తొందరపడొద్దు. ముందు రోజు రాత్రి ఇంజిన్ పూర్తిగా చల్లారాక నట్ల మొదట్లో డబ్ల్యూడీ-40 లాంటి ఆయిల్ కొట్టి వదిలేయాలి. పొద్దున మళ్లీ ఒకసారి. బండిని సెంటర్ స్టాండ్ మీద గట్టి నేల మీద నిలబెట్టాలి. లెగ్ గార్డ్ అడ్డొస్తే అది ముందు తీసేయాలి.

బీఎస్-6 బండి అయితే పైపు మీద గానీ, హెడ్ దగ్గర గానీ ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండి అంటే ఈ లెక్కలోకే వస్తుంది. సెన్సర్ పైపు మీద ఉంటే దాని వైరు ఎక్కడికి వెళ్తుందో చూసి కనెక్టర్ విప్పాలి. కనెక్టర్ విప్పకుండా పైపు లాగితే వైరు తెగుతుంది, డ్యాష్‌బోర్డ్ మీద ఇంజిన్ లైట్ వెలుగుతుంది. ఇది కూడా ఏ రీల్‌లోనూ కనిపించదు.

తర్వాత బెండ్ పైపు, సైలెన్సర్ కలిసే చోట ఉన్న క్లాంప్ లూజ్ చేయాలి. సైలెన్సర్ కింద చెక్క దిమ్మో, చిన్న స్టూలో పెట్టి దాని బోల్టు తీయాలి. లేకపోతే బరువంతా హెడ్ దగ్గర స్టడ్ల మీద పడుతుంది. చివరగా హెడ్ దగ్గర నట్లు. వీటికి రింగు పానా గానీ, సాకెట్ గానీ వాడాలి. డబుల్ ఎండ్ పానాతో నట్టు మూలలు అరిగిపోతే అది ఇంకో తలనొప్పి. కొంచెం విప్పడం, మళ్లీ కొంచెం బిగించడం, ఆయిల్ వేయడం.. ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయాలి. కిర్రుమని శబ్దం వస్తే ఆగిపోవాలి. నట్టుతో పాటు స్టడ్ కూడా తిరిగి బయటికి వచ్చేస్తే కంగారు అక్కర్లేదు, దాన్ని శుభ్రం చేసి మళ్లీ ఎక్కించొచ్చు. ఎంతకీ కదలకపోతే ఇంట్లో బ్లో టార్చ్ తీయొద్దు. పైన పెట్రోల్ ట్యాంకు ఉందన్న సంగతి మర్చిపోకూడదు. మెకానిక్ దగ్గరికి వెళ్లడమే నయం.

పైపు బయటికి వచ్చాక హెడ్ రంధ్రంలోకి ఏమీ పడకుండా శుభ్రమైన గుడ్డ పెట్టాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ గుడ్డ తీయాలి! వినడానికి కామెడీగా ఉన్నా మర్చిపోయేవాళ్లు ఉన్నారు. హెడ్ లోపల పాత ప్యాకింగ్ రింగు అతుక్కుని ఉంటే దాన్ని జాగ్రత్తగా పీకేసి కొత్తది వేయాలి. పాతదాని మీదే కొత్తది పెట్టినా, నలిగిపోయిన పాతదే మళ్లీ వాడినా గాలి లీక్ అవుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పట్ పట్‌మని శబ్దం వస్తోందంటే తరచూ కారణం ఇదే. ఆ సందులోంచి లోపలికి వెళ్లే గాలిని సెన్సర్ తప్పుగా లెక్కగడుతుంది, ఇంజిన్ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది. పికప్ కోసం చేసిన పనికి మైలేజీ పోతుందన్నమాట.

చుట్టడం ఎలా?

మార్కెట్‌లో ప్రధానంగా దొరికేవి రెండు రకాలు. ఒకటి గ్లాస్ ఫైబర్ పట్టీ, ధర తక్కువ. రెండోది టైటానియం ర్యాప్ పేరుతో అమ్మేది. పేరు చూసి మోసపోవద్దు, చాలావరకు అది బసాల్ట్ అనే నల్లరాయి నుంచి తీసిన పీచు. ఇది ఎక్కువ వేడి తట్టుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, దురద తక్కువ.

ఎంత పొడవు కావాలి? లెక్క సింపుల్. పైపు మందం 38 మిల్లీమీటర్లు ఉంటే ఒక చుట్టుకు దాదాపు 12 సెంటీమీటర్ల పట్టీ కావాలి. 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని చుట్టు మీద చుట్టు 6 మిల్లీమీటర్లు ఎక్కేలా చుడితే ఒక్కో చుట్టుకు 19 మిల్లీమీటర్లు ముందుకెళ్తాం. 60 సెంటీమీటర్ల పైపుకు 32 చుట్లు, అంటే సుమారు 4 మీటర్లు. ఒక మీటరు అదనంగా ఉంచుకుంటే చాలు. 50 మిల్లీమీటర్ల పట్టీతో పని త్వరగా అవుతుంది కానీ వంపుల దగ్గర ముడతలు పడుతుంది. బైక్ పైపుకు సన్నదే కుదురుతుంది.

ముందు పైపు మీద జిడ్డు, తుప్పు పోవాలి. ఎమరీ పేపర్‌తో రుద్ది, థిన్నర్‌తో తుడిచి ఆరనివ్వాలి. మామూలు స్టీల్ అయితే అధిక వేడి తట్టుకునే పెయింట్ ఒక కోటు వేస్తే తుప్పు కొంత ఆలస్యమవుతుంది. గ్లాస్ ఫైబర్ పట్టీని ఓ పావుగంట నీళ్లలో నానబెట్టి పిండాలి. దీనివల్ల పీచు గాల్లోకి లేవదు, ఆరాక పట్టీ బిగుసుకుంటుంది. బసాల్ట్ రకానికి నానబెట్టాలా వద్దా అన్నది ప్యాకెట్ మీద చూసుకోవాలి. గ్లౌజులు, మాస్కు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా తప్పనిసరి. ఆ పీచు చర్మంలో గుచ్చుకుంటే రెండు రోజులు దురదే. ఆ చొక్కాను ఇంట్లో మిగతా బట్టలతో కలిపి వాషింగ్ మెషిన్‌లో వేస్తే ఇంటిల్లిపాదికీ దురదే.

ఎటు నుంచి మొదలుపెట్టాలన్న దానిపై రకరకాల మాటలు వినిపిస్తాయి. బైక్‌కు మాత్రం సైలెన్సర్ వైపు నుంచి మొదలుపెట్టి హెడ్ వైపు ఎక్కించుకుంటూ వెళ్లడం మంచిది. పెంకుటింటి కప్పు గుర్తు తెచ్చుకోండి. పెంకులు కింద నుంచి పైకి పేరుస్తారు, పై పెంకు కింది పెంకు మీదకు వస్తుంది, నీళ్లు జారిపోతాయి. ఇక్కడా అదే సూత్రం. పైనుంచి కిందికి చుడితే ప్రతి మడత ఒక చిన్న దోసిలిలా నీళ్లు పట్టుకుంటుంది.

మొదటి రెండు చుట్లు ఒకదాని మీద ఒకటి వేసి స్టీల్ టైతో బిగించాలి. రోల్‌ను ఎవరో ఒకరు పట్టుకుంటే, ఇంకొకరు పైపును తిప్పుతూ గట్టిగా లాగి చుట్టడం తేలిక. ప్లాస్టిక్ టై వాడితే మొదటి రైడ్‌లోనే కరిగిపోతుంది. ఫ్లాంజ్ దగ్గర పానా పట్టేంత ఖాళీ, సుమారు 2 సెంటీమీటర్లు వదలాలి. సెన్సర్ మీద, దాని వైరు మీద పట్టీ పడకూడదు. పైపు మధ్యలో ఉబ్బెత్తుగా క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే దాన్ని అలాగే వదిలేయాలి. అది తనకు తానే బాగా వేడెక్కే భాగం, చుడితే లోపల దెబ్బతినొచ్చు. టై చివర్లు కత్తిరించాక పదునుగా ఉంటాయి, లోపలికి మడవకపోతే ప్యాంటు, పిక్క రెండూ చీరుకుంటాయి.

బిగించాక మొదటి పొగ

పట్టీ పూర్తిగా ఆరాక బిగించాలి. హెడ్ నట్లు ముందు చేత్తోనే పట్టించి, సైలెన్సర్ బోల్టు పెట్టి, అన్నీ సర్దుకున్నాక హెడ్ నట్లను ఒకటి కొంచెం, ఇంకోటి కొంచెం మార్చి మార్చి బిగించాలి. చివరగా క్లాంప్. సెన్సర్ కనెక్టర్ పెట్టడం మర్చిపోవద్దు.

స్టార్ట్ చేయగానే పొగ, వాసన వస్తాయి. పట్టీలో ఉన్న రసాయనాలు, మిగిలిన తడి కాలడం వల్ల పావుగంట, అరగంట ఇలా ఉండటం మామూలే. అయితే ఈ పని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అస్సలు చేయొద్దు. పట్టీ పొగ ఒక ఎత్తు, ఇంజిన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఇంకో ఎత్తు. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, మూసి ఉన్న చోట ప్రాణాలు తీస్తుంది. బయట, ఖాళీ జాగాలోనే స్టార్ట్ చేయాలి. రెండు మూడు రైడ్ల తర్వాత ఇంజిన్ చల్లారాక నట్లు ఒకసారి మళ్లీ చూసుకోవాలి.

అరగంట దాటినా పొగ ఆగట్లేదంటే ఆయిల్ లీక్ ఉందేమో చూడాలి. ఇంజిన్ ఆయిల్ ఈ పట్టీ మీద కారితే అది దీపం వత్తిలా పీల్చుకుంటుంది. కింద ఉన్నది కాలుతున్న ఇనుము. ఆయిల్ తడిసిన పట్టీని ఉతికి వాడటాలు ఉండవు, కత్తిరించి పారేయడమే.

పోలీసులు పట్టుకుంటారా?

పట్టీ వల్ల బండి శబ్దం పెరగదు. రేగేది విప్పిన సందులో చేసే మిగతా పనులతోనే. ఎలాగూ విప్పాం కదా అని క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం, సౌండ్ వచ్చే సైలెన్సర్ పెట్టడం. మోటారు వాహనాల చట్టం 182-ఏ(4) ప్రకారం నిబంధనలకు విరుద్ధంగా బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్ద, వాయు కాలుష్యానికి 190(2) కింద మొదటిసారికే 10 వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు పడొచ్చు. విశాఖపట్నం సహా పలు నగరాల్లో మోడిఫైడ్ సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు చూసే ఉంటారు.

వారంటీలో ఉన్న బండి అయితే చుట్టే ముందే సర్వీస్ సెంటర్‌లో అడగడం మంచిది. రేపు పైపుకు తుప్పు పట్టినా, పగిలినా పట్టీనే కారణమని క్లెయిమ్ తిప్పి పంపే ఛాన్స్ ఉంది. కాలికి సెగ తగలకుండా ఉంటే చాలనుకునేవాళ్లకు కంపెనీ హీట్ షీల్డ్, సైలెన్సర్ గార్డ్ ఉన్నాయి. వాటికి పైపు విప్పక్కర్లేదు, తడి నిలవదు, వెనక కూర్చున్నవాళ్ల కాలికీ పనికొస్తాయి. లుక్ మాత్రం రాదు.

వానాకాలం వెళ్లాక..

చుట్టించుకున్నవాళ్లు వాటర్ సర్వీసింగ్‌లో ప్రెజర్ గన్ పట్టీ మీద కొట్టనివ్వొద్దు. వానలో తడిసి ఇంటికొచ్చి అలాగే కవర్ కప్పేయొద్దు. వీలైతే వాన తగ్గాక పావుగంట నడిపి పైపును ఆరనివ్వాలి. రోజూ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండి అయితే పైపు సరిగా వేడెక్కదు, తడి ఆరదు. అలాంటి బండికి పట్టీ అసలు చుట్టకపోవడమే మంచిది.

ఏడాదికోసారి, దసరా తర్వాత వానలు తగ్గాక, కింది వైపు వంపు దగ్గర పట్టీ కొంత విప్పి చూడాలి. విప్పే ముందు స్ప్రే బాటిల్‌తో తడపాలి, ఎందుకంటే కాలిన పట్టీ పొడిపొడిగా రాలుతుంది. మాస్కు ఇక్కడ కూడా కావాలి. నారింజ రంగు పొడి మాత్రమే చేతికి అంటితే శుభ్రం చేసి మళ్లీ చుట్టొచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు ఖంగుమనకుండా మొద్దు శబ్దం వచ్చినా, వెల్డింగ్ దగ్గర, క్లాంప్ దగ్గర పెచ్చులు ఊడొచ్చినా ఆ పైపు మీద కొత్త రోల్ ఖర్చు దండగ. ముందు షోరూంలో కొత్త బెండ్ పైపు రేటు కనుక్కోవాలి.